పేరు ఎక్కడ ఆగుతుంది

పెరుంగుడిలో ఆరో అంతస్తు.
కిటికీ అవతల పళ్లికరణై చిత్తడినేల,
దాని అంచున కాలుతున్న చెత్తకుప్ప.
ఫ్లెమింగోలు కనిపిస్తాయని ఊరించి
నాకీ సీటు అంటగట్టారు.
సూళ్లూరుపేట దాన్ని, నాకు ఫ్లెమింగోల ఆశ చూపడమేమిటి!

పని చిన్నది.
నెల్లూరు ఆసుపత్రిలో నర్సులు
డ్యూటీ మారేటప్పుడు రాసుకునే నోట్సులో
ఎట్ గుర్తు పెట్టి ఎవరి పేరు రాస్తే
ఆ పేరు నీలంగా మారాలి,
నొక్కితే ఆ మనిషి దొరకాలి,
ఆమె జేబులో ఫోను ఒక్కసారి వణకాలి.

ఒక్క వరుసలో రాసేశాను రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్:
ఎట్, ఆ వెంటనే అక్షరమో అంకెయో,
ఒకటి లేదా ఎన్నైనా.
అక్షరమంటే దాని లెక్కలో
ఏ నుంచి జెడ్ దాకా ఇరవై ఆరు.
మన యాభై ఆరూ
గోడమీద తడి మరకలు.

మర్నాడు ఇళమారన్ వచ్చాడు నా బల్ల దగ్గరికి.
టెస్టింగ్ అతని ఉద్యోగం.
తెలుగు చదవలేడు గానీ
ఎక్కడ తెగిందో వేలు పెట్టి చూపిస్తాడు.
"ఇది పేరేనా? మరి నల్లగా ఉందే?"

ప్రపంచంలోని అక్షరాలన్నిటికీ తలుపు తీశాను.
ఈసారి హైమవతిలో
హ ఒక్కటే నీలమైంది.
ఐత్వం గడప దగ్గరే ఆగిపోయింది.
గుణింతపు గుర్తు అక్షరం కాదట,
అక్షరాన్ని పట్టుకుని వేలాడేదట.
హ అని ఒక నిట్టూర్పు,
మిగతా మనిషంతా బయట నల్లగా.

వేలాడేవాళ్లనీ రానిమ్మని చీటీ రాసిచ్చాను.

ఆలోగా ఇంకో గొడవ.
ల్యాబ్ వాళ్ల ఈమెయిల్ మధ్యలో
ఎట్ కనిపించగానే మీదపడి
దాని నడుముకి లింకు తగిలించింది.
వెనక్కి తిరిగి చూసే షరతొకటి చేర్చాను:
ఎట్‌కి ముందు అక్షరం ఉంటే అది చిరునామా,
ఖాళీ ఉంటేనే పిలుపు.
రాశాక ఆ వాక్యాన్నే చూస్తూ కూర్చున్నాను.
ఇళమారన్ టీ తాగుదాం రమ్మన్నాడు.

శుక్రవారం రాత్రి నెల్లూరులో ఎవరో రాశారు:
@హైమవతికి చెప్పండి, మూడో బెడ్ సెలైన్ ఒంటిగంటకి మార్చాలి.
పేరంతా నీలం.
కి కూడా నీలం.
హైమవతికి అనే మనిషి
ఏ జాబితాలోనూ లేదు.
ఫోను వణకలేదు.
ఏమీ కాలేదులెండి, ఆయా చూసి లేపింది.
సోమవారం ఆ సంగతి విన్నాక
నాకు పెరుగన్నం కూడా దిగలేదు.

ఇంగ్లీషులో పేరు పక్కన ఖాళీ ఉంటుంది.
పేరు తన కాళ్లమీద తను నిలబడుతుంది.
మనవాళ్లు పేరుని ఒంటరిగా వదలరు.
హైమవతికి, హైమవతితో, హైమవతివల్ల, హైమవతిగారూ,
ఎవరో ఒకరు చెంగు పట్టుకునే ఉంటారు.
పేరెక్కడ ఆగుతుందో
ఆమెతో పని ఎక్కడ మొదలవుతుందో
ఆకారం చూసి చెప్పలేం.
చిన్నప్పుడు డుమువులని బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను,
అవి పేరుకి ఇంత గట్టిగా అతుక్కుని ఉంటాయని
ఇప్పుడు తెలిసింది.

చివరికి సూత్రాన్ని పక్కనపెట్టి
మనుషుల జాబితా తెప్పించుకున్నాను.
నూట పన్నెండు మంది.
పొడుగు పేర్లు ముందు, పొట్టివి వెనక,
లేకపోతే హైమ అనే కొత్తమ్మాయి
హైమవతి పిలుపులన్నీ తన్నుకుపోతుంది.
అందరినీ నిలువు గీతలతో విడదీసి
ఒక్క బ్రాకెట్లో సర్దాను,
సాయంత్రం లోకల్లో ఆడవాళ్ల పెట్టెలా.

ఆ పెట్టెలోనే ఇంటికి.
గుమ్మిడిపూండిలో జామకాయలామె ఎక్కింది.
రెండేళ్లయింది, నా పేరడగలేదు, నేనూ చెప్పలేదు.
"ఏమే, నిన్నే" అంది తలుపు దగ్గర్నుంచి,
ఎవరివైపూ చూడకుండా, కాయ కోస్తూ.
అంత జనంలో
నేనొక్కదాన్నే తల తిప్పాను.

కారం ఎక్కువేసింది.
మొన్నటి ఐదు రూపాయల బాకీ
ఆమెకి గుర్తుంది.